ఫువాములాకి లివ్‌అబోర్డ్: ఆఖరి డైవ్ దగ్గర్నుంచి వెనక్కి లెక్కేసుకోండి

మాల్దీవుల్లోని ఫువాములా దీవికి స్కూబా డైవింగ్‌ కోసం వెళ్తున్నారా? ఆఖరి డైవ్ ఎన్ని గంటలకి, ఇంటికొచ్చే విమానం ఎన్ని గంటలకి? ఈ రెండూ ముందు ఒక కాగితం మీద రాయండి. ప్లానంతా అక్కణ్ణుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి. సంక్రాంతికి ఊరెళ్ళే రైలు టికెట్టు ఏ రోజుకి దొరికితే దాన్నిబట్టి సెలవు పెట్టుకుంటామే, అలాగన్నమాట. చాలామంది పడవ ఫొటోలు చూసి, ధర చూసి, అడ్వాన్సు కట్టేసి, ఆ తర్వాత విమానాలు వెతుకుతారు. అప్పుడు తేడా వస్తుంది.

లివ్‌అబోర్డ్ అంటే తిండీ పడకా డైవింగూ అన్నీ పడవ మీదే. పొద్దున్న ఆరున్నరకి ఒక డైవ్, పదకొండుకి ఇంకోటి, మధ్యాహ్నం మూడింటికి మూడోది, వారంలో ఒకటి రెండు రాత్రి డైవ్‌లు. ఏడు రాత్రుల ట్రిప్పులో మొత్తం 17, 18 దాకా అవుతాయి. మాల్దీవుల్లో పెద్ద పడవ నుంచి నేరుగా నీళ్ళలోకి దూకరు. ట్యాంకులు, కంప్రెసర్ ఉన్న చిన్న పడవ పక్కనే వస్తుంది. దాన్ని అక్కడ ధోనీ అంటారు. మన దోనె గుర్తొస్తుంది.

ఫువాములా మాల్దీవులకు బాగా దక్షిణాన, భూమధ్యరేఖ దాటాక వస్తుంది. హువాదూ, అడ్డూ అనే రెండు అటోల్‌ల (పగడపు దీవుల వలయాల) మధ్య నడిసముద్రంలో ఒంటరి దీవి. చుట్టూ లగూన్ (పగడపు దిబ్బ లోపలి నిలకడ నీటి మడుగు) లేదు, అంటే పడవకి చాటు లేదు. కెరటం పెద్దదైతే పడవ అక్కడ నిలవలేదు. అందుకే దక్షిణ మాల్దీవుల రూట్లలో ఫువాములాకి ఒకటి రెండు రోజులే ఇస్తారు, అదీ వాతావరణం ఒప్పుకుంటేనే. ఆ ఒక్క దీవి కోసమే వెళ్ళేవాళ్ళకి నా సలహా వేరు. మాలే నుంచి దేశీయ విమానంలో నేరుగా ఫువాములాలో దిగి, దీవి మీదే ఉండి డైవ్ చేయండి. హువాదూ ఛానెళ్ళూ (అటోల్ అంచులో నీరు పారే ఇరుకు దారులు), ఫువాములా, అడ్డూలోని పాత ట్యాంకర్ ఓడ మూడూ కావాలంటే లివ్‌అబోర్డే దారి. ఆ ఓడ బ్రిటిష్ లాయల్టీ. 1944 మార్చిలో జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొట్టింది, 1946లో బ్రిటిష్ వాళ్ళే ముంచేశారు. ఇప్పుడు సుమారు 33 మీటర్ల అడుగున పక్కకి ఒరిగి పడుంది. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కి చట్టం ఒప్పుకునే లోతు 30 మీటర్లే కాబట్టి అడుగు ముట్టుకోవాలని చూడొద్దు. ఓడ పైభాగం అంతకంటే చాలా పైనే ఉంది, చూడదగ్గదంతా అక్కడే ఉంది.

ఇప్పుడు తిరుగు లెక్క. వారమంతా రోజుకి మూడేసి డైవ్‌లు చేసిన ఒంట్లో నైట్రోజన్ కరిగి ఉంటుంది. విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడి రెండువేల మీటర్ల కొండ మీద ఉన్నట్టుంటుంది. గోలీసోడా గోలీ నొక్కితే ఏమవుతుందో తెలుసు కదా! ఒంట్లోని నైట్రోజన్ కూడా అలాగే బుడగలు కడుతుంది. వరసగా చాలా రోజులు డైవ్ చేసినవాళ్ళు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వైద్యుల మాట. లివ్‌అబోర్డ్ తర్వాత నేనైతే 24 గంటలకి తగ్గొద్దంటాను. ఈ నియమం విమానానికే అనుకోవడం మన వైపు ఎక్కువగా కనిపించే పొరపాటు. 300 మీటర్లు దాటిన ఎత్తు ఏదైనా లెక్కలోకి వస్తుంది. రుషికొండలో పొద్దున్న డైవ్ చేసి మధ్యాహ్నం కారెక్కి అరకు వెళ్ళిపోవడం అందుకే ప్రమాదం. ఆ దారిలో శిమిలిగూడ స్టేషనే 996 మీటర్ల ఎత్తులో ఉంది. కొండ ముందు, సముద్రం తర్వాత పెట్టుకోండి.

ఉదాహరణకి పడవ శనివారం పొద్దున్న అడ్డూలోని గాన్ దగ్గర దింపుతుంది అనుకుందాం. ఆఖరి డైవ్ శుక్రవారం మధ్యాహ్నం లోపే ముగియాలి. శనివారం మధ్యాహ్నం తర్వాత గాన్ నుంచి మాలే, ఆ రాత్రి మాలేలో బస, ఆదివారం బెంగళూరు మీదుగా విశాఖ, అక్కణ్ణుంచి ఇల్లు. గాన్ నుంచి పొద్దున్న ఏడింటి విమానం చవగ్గా దొరికిందని అది పట్టుకుంటే శుక్రవారం డైవ్‌లు పోగొట్టుకోవాలి, లేదా ఒంటితో జూదం ఆడాలి. వెళ్ళేటప్పుడు కూడా పడవ బయల్దేరే ముందురోజే మాలే చేరండి. సూట్‌కేసు బెంగళూరులో ఆగిపోతే పడవ మీకోసం ఆగదు, ఛానెల్ మధ్యకి తెచ్చి ఇచ్చేవాళ్ళూ ఉండరు. అంటే ఏడు రాత్రుల ట్రిప్పుకి శ్రీకాకుళం వాళ్ళు పది పదకొండు రోజుల సెలవు చూసుకోవాలి.

ఏ నెల? దక్షిణ అటోల్స్‌కి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంచిది. ఈశాన్య గాలుల కాలం, నీరు తేటగా ఉంటుంది. మనకి దసరాకి, విజయనగరం వాళ్ళకి సిరిమానోత్సవానికి సెలవులు సులువుగా దొరుకుతాయి గానీ అక్టోబరు గాలి మారే నెల. అండమాన్‌కి పెట్టుకున్నా అదే మాట. 2014లో హుద్‌హుద్ అటునుంచే అండమాన్ దీవులు దాటుకుని విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజు మన జిల్లాలో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు.

నెల కుదిరాక గోడమీది క్యాలెండర్ తీసి పున్నమి, అమావాస్య చూడండి. మన వేట పడవల వాళ్ళకి పోటు, పాటు లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. పున్నమికి, అమావాస్యకి ఒకటి రెండు రోజుల తర్వాత పోటు బలంగా ఉంటుంది, అష్టమి చుట్టుపక్కల తగ్గుతుంది. మాల్దీవుల్లో నీటిమట్టం తేడా ఒక మీటరు అటూఇటూ, అంతే. కానీ ఆ నీరంతా అటోల్ అంచులోని ఇరుకు ఛానెళ్ళలోంచే లోపలికీ బయటికీ పోవాలి. అందుకే అక్కడ ఉరవడి ఎక్కువ. సముద్రం నుంచి లోపలికి వచ్చే నీరు తేటగా ఉంటుంది, సొరచేపలు ఛానెల్ మూతి దగ్గర గుమిగూడతాయి. బయటికి పోయే నీరు మడ్డిగా ఉండి మనిషిని నడిసముద్రంలోకి తోసేస్తుంది. ఛానెల్ డైవ్‌లు మొదటిసారి చేసేవాళ్ళు అష్టమి పడే వారం ఎంచుకోవడం మంచిది. బాగా చేయి తిరిగినవాళ్ళు పున్నమి వారం కావాలని వెళ్తారు, సొరలు అప్పుడే ఎక్కువ కాబట్టి.

ఇక అర్హత. ఓపెన్ వాటర్ కోర్సు 18 మీటర్ల దాకానే. అడ్వాన్స్‌డ్ ఉంటే 30. దక్షిణ రూట్లకి చాలా పడవలు 50 డైవ్‌ల లాగ్‌బుక్ అడుగుతాయి. అడగని పడవ దొరికినా 50 పూర్తయ్యాకే వెళ్ళండి. విశాఖలో నేర్చుకున్నవాళ్ళకి ఒక మేలుంది: తేటగా లేని నీళ్ళలో, కెరటాల్లో చేసిన అలవాటు గట్టిది. లేనిదల్లా ఉరవడిలో అనుభవం. నీలం నీళ్ళ అలవాటు కోసం అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్‌కి ఒకసారి వెళ్ళి పది పన్నెండు డైవ్‌లు చేసుకుంటే, ఆ తర్వాత ఛానెల్‌లో కంగారు సగం తగ్గుతుంది.

గాలి లెక్క గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. అందుకే కాస్త నిదానంగా రాస్తున్నా. అక్కడి మామూలు అల్యూమినియం ట్యాంకు నీటి కొలత 11.1 లీటర్లు, నింపేది 200 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత). ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల లోతులో, ఒత్తిడి మూడు రెట్లు కాబట్టి, 60 లీటర్లు ఖర్చు పెడతాడు. 50 బార్ మిగుల్చుకోవాలంటే వాడుకునేది 150 బార్, అంటే 1,665 లీటర్లు. దాన్ని 60తో భాగిస్తే 27 నిమిషాల పైచిలుకు. 30 మీటర్లలో ఒత్తిడి నాలుగు రెట్లు, నిమిషానికి 80 లీటర్లు. ఇరవై నిమిషాలకే అయిపోతుంది.

'50 బార్‌తో పడవ ఎక్కాలి' అంటే 50 బార్ అయ్యేదాకా అడుగున ఉండొచ్చని కాదు. 30 మీటర్లలో మీ జోడీ గాలి అయిపోయి మీ రెండో రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చేది) అందుకున్నాడనుకోండి. కంగారులో ఇద్దరూ ఉపరితలం లెక్కన నిమిషానికి తలా 30 లీటర్లు పీలుస్తారు, కలిపి 60. సర్దుకోవడానికి అడుగున ఒక నిమిషం: 240 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి సుమారు మూడు నిమిషాల ఇరవై సెకన్లు, సగటు లోతు 15 మీటర్లు: 500. ఒంట్లో నైట్రోజన్ కొంత పోయేలా ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడానికి 270. కలిపితే 1,010 లీటర్లు. అదే ట్యాంకులో 91 బార్. అంటే 30 మీటర్ల అడుగున గాలి గేజి సూది 90, 100 మధ్యకి రాగానే పైకి బయల్దేరాలి. ఈ లెక్క మీ పీల్పుతో ఇంట్లోనే వేసి, లాగ్‌బుక్ అట్ట లోపల రాసిపెట్టుకోండి. ఎవరి లెక్క వాళ్ళదే.

నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ ఉండే గాలి) కోర్సు తప్పనిసరిగా చేసి వెళ్ళండి. వారం రోజుల డైవింగ్‌లో అది విలాసం కింద రాదు. 32 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిలో ఆక్సిజన్ ఒత్తిడికి 1.4 బార్ హద్దు పెడితే గరిష్ఠ లోతు 33 మీటర్లు, మాల్దీవుల 30 మీటర్ల చట్టానికి సరిపోతుంది. 36 శాతం అయితే 28 మీటర్లకే ఆగాలి. ట్యాంకు మీరే పరీక్షించాలి. ఆక్సిజన్ శాతం చూపే ఎనలైజర్‌ని ముందు మామూలు గాలిలో పట్టుకుని అంకె 20.9 దగ్గర నిలబెట్టండి. ట్యాంకు వాల్వు ఒక్క క్షణం తెరిచి మూసి దుమ్ము ఊదేయండి. తర్వాత సన్నగా తెరిచి ఎనలైజర్ మూతి ఆనించండి. అంకె ఎగబాకి, కాస్త ఊగి, ఒకచోట నిలబడుతుంది. అర నిమిషం కదలకుండా ఉన్నాకే నమ్మండి. ట్యాంకు మెడ దగ్గర టేపు మీద శాతం, లోతు, పేరు, తేదీ రాసి, అదే శాతం చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లో (లోతు, ఒంట్లో నైట్రోజన్ లెక్కగట్టేది) పెట్టండి. వాల్వు గట్టిగా తెరిస్తే గాలి జోరుకి అంకె తప్పు చూపిస్తుంది. అందరూ ధోనీ ఎక్కుతున్నారన్న తొందరలో పక్కవాడి అంకె చూసి రాసుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. బ్లెండింగ్, అంటే గాలిలో ఆక్సిజన్ కలపడం, ఒక్కోసారి ఒక్కో ట్యాంకుకి ఒక్కోలా వస్తుంది.

సిగ్నల్ బెలూన్, అంటే ఎస్ఎంబీ, ప్రతి మనిషి దగ్గరా ఉండాలి. గైడు దగ్గరుంటే చాలనుకోవద్దు. ఛానెల్‌లో గుంపు విడిపోవడం మామూలే. నడిసముద్రంలో కెరటాల మధ్య తల మాత్రమే తేలుతున్న మనిషి ధోనీ వాళ్ళకి వంద మీటర్ల నుంచే కనబడడు. నారింజ రంగుది, ఒకటిన్నర మీటరు పైన పొడవున్నది, కనీసం 15 మీటర్ల తాడున్న స్పూల్‌తో తీసుకోండి. ఐదు మీటర్ల దగ్గర ఆగే ముందే వదలాలి. బెలూన్ మడత విప్పండి, పైన పడవ ఉందేమో చూడండి, తాడు బిగువుగా చేతిలో పట్టుకోండి, బుడగలతో కొంచెం ఊది వదిలేయండి. స్పూల్ వేళ్ళ మధ్య గిర్రున తిరగాలి. స్పూల్ క్లిప్పు బీసీడీ (గాలి నింపుకునే డైవింగ్ జాకెట్) రింగుకి తగిలించి ఊదేవాళ్ళున్నారు. తాడు చిక్కుపడిందంటే బెలూన్ మనిషిని కూడా పైకి ఈడ్చుకుపోతుంది. ఊపిరితిత్తి చిరగడానికి ఆ కొద్ది మీటర్లే చాలు. ఊరికి దగ్గర్లో ఈతకొలను ఉంటే అక్కడ పదిసార్లు ఊది చూడండి.

రీఫ్ హుక్ (ఉరవడిలో ఒకచోట నిలబడటానికి తాడుతో ఉండే కొక్కెం) ఉంటే బతికున్న పగడానికి కాదు, ఉత్త రాయికే తగిలించండి. తగిలాక బీసీడీలో కొంచెం గాలి వేసి గాలిపటంలా నిలబడాలి. నోటి బుడగలు పైకి పోకుండా కిందికి పోతున్నాయంటే నీరు కిందికి లాగుతోందని అర్థం. పగడపు దిబ్బ గోడకి అతుక్కోకుండా ఏటవాలుగా బయటికి ఈదితే ఆ లాగుడు తగ్గుతుంది.

ఫువాములా రేవు దగ్గర పులిసొరలు ఎందుకున్నాయో మన బెస్తవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి చేపలు కోసి తల, పేగు అక్కడే పారేశారు. భావనపాడులో వలలు విప్పే చోట గద్దలు తిరిగినట్టు అక్కడ సొరలు తిరుగుతాయి. వరసలో కింద నిలబడాలి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి, దగ్గరికొచ్చిన సొర కళ్ళలోకి చూస్తూనే ఉండాలి, వీపు చూపించకూడదు. ఫొటో కోసం వరస వదిలి లేచేవాడు తనతోపాటు అందరినీ ఇబ్బందిలో పెడతాడు.

పడవ ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఒక గైడుకి ఎంతమంది, ఆక్సిజన్ ఎన్ని గంటలకి సరిపడా ఉంది, శాటిలైట్ ఫోన్ ఉందా, రూట్‌కి దగ్గర్లో పనిచేస్తున్న రీకంప్రెషన్ ఛాంబర్ (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టినవాళ్ళని మళ్ళీ ఒత్తిడిలో ఉంచి వైద్యం చేసే గది) ఎక్కడుంది, అక్కడికి ఎలా చేరుస్తారు, రాత్రంతా మెలకువగా తిరిగే కాపలా మనిషి ఉన్నాడా. ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా దగ్గర కన్సెప్షన్ అనే డైవ్ పడవ తెల్లవారుజామున కాలిపోయి కింద నిద్రపోతున్న 34 మంది పోయారు. రాత్రి గస్తీ లేకపోవడాన్ని దర్యాప్తు ఎత్తిచూపింది. కాబట్టి టార్చి, కెమెరా బ్యాటరీలు గదిలో పెట్టి నిద్రపోవద్దు. మనుషులు మెలకువగా ఉన్నప్పుడు, బయట పెట్టిన చోటే ఛార్జ్ చేయండి. మొదటి రోజు మీ మంచం నుంచి రెండో దారిగుండా డెక్ మీదికి కళ్ళు మూసుకుని ఒకసారి నడిచి చూడండి.

ఆరోగ్యం కాగితం రెండు నెలల ముందే తెప్పించుకుని నింపండి. ఆస్తమా, మూర్ఛ, గుండె, బీపీ, ఊపిరితిత్తి గాలి లీకైన చరిత్ర - ఏదున్నా డాక్టరు సంతకం కావాలి. చెవి, ముక్కు డాక్టరుకి ఎలాగూ చూపించుకోండి. మామూలు ప్రయాణ బీమా చాలాసార్లు స్కూబాని వదిలేస్తుంది. డాన్ లాంటి డైవింగ్ బీమా, ఛాంబర్ ఖర్చూ తరలింపు ఖర్చూ కలిపి ఉన్నది, విడిగా తీసుకోండి.

మాల్దీవులకి మనవాళ్ళు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, దిగగానే ఉచితంగా అనుమతి ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఇముగా ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. పడవ అద్దెలో కలవని ఖర్చులు అడిగి రాసుకోండి: దేశీయ విమానం, నైట్రాక్స్, సామాను అద్దె, టిప్పు, ఇంకా 2025 జనవరి నుంచి రోజుకి 12 డాలర్లైన గ్రీన్ ట్యాక్స్. మందు సీసా పెట్టెలో పెట్టుకోవద్దు, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. కందిపొడి, ఆవకాయ నిక్షేపంగా తీసుకెళ్ళండి, కానీ నూనె కారితే వెట్‌సూట్ పాడవుతుంది, రెండు కవర్లలో కట్టండి.

రెగ్యులేటర్, కంప్యూటర్, మాస్కు చేతిసంచీలో పెట్టుకోండి. అవి పోతే అద్దెవాటితో సర్దుకోవాలి. పవర్‌బ్యాంకులు, విడి బ్యాటరీలు కూడా చేతిసంచీలోనే, అది విమానం వాళ్ళ నియమం. రెగ్యులేటర్ సర్వీసు నెల ముందే చేయించి, దగ్గర్లో ఒకటి రెండు డైవ్‌లు చేసి చూడండి. బిగింపుల్లో తేడా సర్వీసు అయిన వెంటనే బయటపడుతుంది. విడి మౌత్‌పీస్, జిప్‌టైలు, ఓరింగులు, మాస్కు పట్టీ, డిన్ (ట్యాంకు వాల్వులోకి మరతో బిగించే) రెగ్యులేటర్ ఉంటే 8 ఎంఎం అలెన్ కీ. రెండు కంప్యూటర్లు ఉంటే మొదటి డైవ్ నుంచే రెండూ కట్టుకోండి. ఒక్కటే ఉండి మూడో రోజు పాడైతే, కొత్తదానికి మీ ఒంట్లోని నైట్రోజన్ తెలియదు. 24 గంటలు ఖాళీగా కూర్చోవాల్సిందే. నీరు 28, 29 డిగ్రీలున్నా 3 ఎంఎం సూట్ వదలొద్దు, నాలుగో రోజుకి చలి తెలుస్తుంది.

ట్రిప్పుల్లో డైవ్‌లు పోగొట్టేది సొరలూ ఉరవడీ కాదు, చెవులు. ప్రతి డైవ్ తర్వాత చెవుల్లో మంచినీళ్ళు పోసి తల వంచి ఆరనివ్వండి. ముక్కు చుక్కలు వేసుకుని దిగితే అడుగున మందు పని తగ్గిపోయి, పైకొచ్చేటప్పుడు చెవి పట్టేస్తుంది. జలుబుంటే ఆ డైవ్ మానేయండి. ఘాట్ బస్సుకి వేసుకునే అవోమిన్ మత్తు తెస్తుంది, డైవింగ్‌కి పనికిరాదు. మెక్లిజిన్ లాంటిది డాక్టర్ని అడిగి, బయల్దేరే ముందు ఇంట్లోనే ఒకరోజు వేసుకుని చూడండి. వాంతి మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు, ముందురాత్రే పడాలి.

ఇంటికొచ్చాక సామాను మంచినీళ్ళలో నానబెట్టండి. తీరం ఊళ్ళలో ఉప్పు బోరు నీళ్ళతో కడిగితే కడగనట్టే. ఇంకో రెండు రోజులు ఒంటిమీద కన్నేసి ఉంచండి. భుజం, మోచేయి, మోకాలు కారణం లేకుండా నొప్పి, చర్మం మీద మచ్చలు, కాళ్ళు తిమ్మిరి, విపరీతమైన అలసట - ఏది వచ్చినా అది నైట్రోజన్ బుడగల జబ్బు కావొచ్చు, బరువులెత్తిన నొప్పి అనుకుని నూనె రాసుకోవద్దు. ఆసుపత్రికెళ్ళి మొదటి మాటగానే 'సముద్రంలో డైవింగ్ చేసొచ్చాను' అని చెప్పండి. మన జిల్లా డాక్టర్లు ఇలాంటి కేసు రోజూ చూడరు, వాళ్ళ తప్పు కాదు. ముందు ఆక్సిజన్ మాస్కు పెట్టమనండి, బీమా వాళ్ళ అత్యవసర నంబరుకి అక్కడి నుంచే ఫోన్ కలిపి డాక్టరు చేతికివ్వండి. వారంలో ఎన్ని డైవ్‌లు, ఎక్కువ లోతు ఎంత, ఆఖరి డైవ్ నుంచి బయటికి ఎన్నింటికి వచ్చారు, విమానం ఎన్నింటికి ఎక్కారు - ఇవి రాసిన కాగితం పర్సులో ఉండాలి. మొదట్లో ఆఖరి డైవ్, విమానం టైములతో మొదలుపెట్టిన కాగితం అదే.